చేతికి అందాలి, చంటాడికి అందకూడదు

(పోలీసు సాయుధ దళంలో ఆర్మరర్‌గా (ఆయుధాల మరమ్మతు, సంరక్షణ చూసే ఉద్యోగిగా) పనిచేసి రిటైరై, విశాఖలో స్థిరపడిన మా కాలమిస్టు, ఇళ్లల్లో ఆయుధ భద్రత గురించి పాఠకుల ప్రశ్నలకు ఈ నెల జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: నమస్కారం సార్. మాది ఎంవీపీ కాలనీ. రొయ్యల వ్యాపారం. రాత్రిపూట డబ్బుతో తిరగాల్సి వస్తోందని లైసెన్సు తీసుకుని, కాన్పూర్ .32 రివాల్వర్ కొన్నాను. ఇన్నాళ్లూ ఇంట్లో పెద్దవాళ్లమే కాబట్టి రౌండ్లు (తూటాలు) నింపి, తోలు కేసులో పెట్టి, పడకగదిలో బీరువా మీద సూట్‌కేసుల వెనక ఉంచేవాణ్ని. సెలవులకు మా అమ్మాయి పిల్లలతో వస్తోంది. మనవడికి ఏడేళ్లు, మనవరాలికి నాలుగు. మా ఆవిడేమో దాన్ని అసలు ఇంట్లోంచే తీసేయమంటోంది. లాకర్లో పెట్టి తాళాలు వేస్తే అర్ధరాత్రి అవసరమైనప్పుడు ఏం లాభం? పిల్లలకు అందకుండా, నాకు చప్పున అందేలా ఎక్కడ పెట్టుకోవాలి? మా అబ్బాయి కూడా ఇంట్లోనే ఉంటున్నాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి గదిలోంచి బయటికి రావడం లేదు. నేను ఊళ్లో లేనప్పుడు పనికొస్తుంది కదా, అది ఎక్కడుందో వాడికి చెప్పి ఉంచమంటారా?

జవాబు: మీరు చివర్లో అడిగినదానికి ముందు చెబుతాను. మిగతావి వారం ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగకూడదు. అబ్బాయికి చెప్పకండి. అసలు అదే ఇంట్లో ఉంటున్నవాడికి బీరువా మీద ఏముందో తెలియదని నేననుకోను. అందుకని రేపే ఆ రివాల్వర్‌ని ఇంట్లోంచి పంపించెయ్యండి. భద్రపరిచే అనుమతి ఉన్న ఆయుధాల డీలర్లు ఉంటారు, లేదంటే మీ పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చెయ్యండి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు లైసెన్సుదారులు చేసే పనే ఇది, కొత్తేమీ కాదు. లైసెన్సు వెంట తీసుకెళ్లి, ఆయుధం నంబరు, రౌండ్ల లెక్క రాసిన రసీదు అడిగి మరీ తీసుకోండి.

మీ అబ్బాయికి ఏదో అయిపోయిందని నేననడం లేదు. ఉద్యోగం పోయిన బాధలో తలుపేసుకుని కూర్చునే పిల్లలు చాలామంది నెమ్మదిగా తేరుకుంటారు. కానీ మనసు బాగా కుంగినప్పుడు ప్రాణం తీసుకోవాలన్న తెగింపు చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు గడిస్తే మనిషి దక్కుతాడు. ఇంట్లో తుపాకీ అందుబాటులో ఉంటే ఆ కాసేపు గడవనివ్వదు. సర్వీసులో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేసినవి ఇలాంటి చావులే. వాడి పక్కన కూర్చుని సూటిగా అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడకండి, అలా జరగదు. చెప్పుకోవడానికి వాడికో దారి దొరుకుతుంది. టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మన చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ గేటు లోపలికి వెళ్తే ఎవరు చూస్తారో అని జనం ఇప్పటికీ జంకుతారు. మీరు జంకకండి. వాడు కోలుకున్నాడని డాక్టరు చెప్పి, మీకూ అనిపించాకే ఆయుధం వెనక్కి తెచ్చుకోండి.

తెచ్చుకున్నాక ఎలా ఉంచాలన్నది ఇప్పుడు చూద్దాం.

చేతికి అందాలంటున్నారు. ఎవరి చేతికి? లైసెన్సు మీ పేరున ఉంది. రిటైనర్‌గా, అంటే మీ తరఫున ఆయుధం పట్టే మనిషిగా, ఇంకొకరి పేరు అందులో రాయించుకుంటే తప్ప, మీరు లేనప్పుడు మీ ఆవిడ గానీ అబ్బాయి గానీ దాన్ని వాడటానికి చట్టం ఒప్పుకోదు. అంటే ఆ ఇంట్లో అది అందాల్సిన చెయ్యి ఒక్కటే. మిగతా చేతులు పసిపిల్లలవైనా, పనిమనిషివైనా, ఏసీ బాగుచెయ్యడానికొచ్చిన కుర్రాడివైనా ఒకే లెక్క. కాబట్టి మీకు కావాల్సింది చోటు కన్నా ముందు తాళం. మీరొక్కరే, చీకట్లో కూడా తడుముకోకుండా తీయగలిగిన తాళం.

బీరువా మీద సూట్‌కేసుల వెనక పెట్టి "ఎవరికీ తెలీదు" అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. తాతగారింటికి వచ్చిన పిల్లలకు సెలవుల్లో పనేముంటుంది చెప్పండి? మంచమెక్కి, కుర్చీ లాక్కుని, ఇల్లంతా గాలించడమే. 2001లో అమెరికాలో ఒక పరిశోధన చేశారు. 8 నుంచి 12 ఏళ్ల మగపిల్లల్ని ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక గదిలో పావుగంట వదిలిపెట్టి, ఒక సొరుగులో పేలని అసలు తుపాకీ ఉంచారు. చాలా జట్లు దాన్ని కనిపెట్టాయి. కనిపెట్టిన పిల్లల్లో ఎక్కువమంది చేతిలోకి తీసుకున్నారు, కొందరు ట్రిగ్గర్ కూడా నొక్కారు. తుపాకీ ముట్టుకోకూడదని వాళ్లలో చాలామందికి పెద్దలు ముందే చెప్పి ఉన్నారు. మన పిల్లలు అంతకంటే భిన్నమని నేను నమ్మను. దీపావళికి రీళ్ల తుపాకీ పేల్చిన చెయ్యి అసలుది దొరికితే ఏం చేస్తుంది? అదే చేస్తుంది. రివాల్వర్ ట్రిగ్గర్ బిగువుగా ఉంటుంది, నాలుగేళ్ల పిల్ల నొక్కలేదులే అని కూడా అనుకోకండి. రెండు బొటనవేళ్లూ కలిపి నొక్కుతారు. హ్యామర్ ఒక్కసారి వెనక్కి లాగారంటే ఆ తర్వాత ట్రిగ్గర్‌కు చాలా తక్కువ బలం చాలు.

అందుకని చిన్న ఇనప హోమ్ లాకర్ కొనండి. మందమైన రేకుతో, వెనకా అడుగునా బోల్టులకు రంధ్రాలున్నది చూసుకోండి. ఆ రంధ్రాలు ఊరికే ఇవ్వలేదు. యాంకర్ బోల్టులతో గోడకో, శ్లాబుకో బిగిస్తేనే అది లాకర్. బిగించకపోతే దొంగ చంకన పెట్టుకుని పోయే పెట్టె. వార్డ్‌రోబ్ ప్లైవుడ్‌కు నాలుగు స్క్రూలు కొట్టి సరిపెట్టుకోవద్దు. డ్రిల్ చేసే ముందు ఆ గోడలో కరెంటు పైపు పోతోందేమో మీ ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

తాళం రకాల్లో నా ఓటు నంబరు బటన్లకే. వేలిముద్రది మోజుగా ఉంటుంది గానీ, మన ఊళ్లో చెమటకీ తడికీ, వయసు మీద పడి వేళ్ల గీతలు అరిగినవాళ్లకీ సరిగ్గా అర్ధరాత్రే మొరాయిస్తుంది. రెండూ ఉన్నది దొరికితే మంచిదే. కొన్న రోజునే ఫ్యాక్టరీ నంబరు మార్చెయ్యండి. పుట్టినతేదీలు, బండి నంబర్లు, మనవడి చేత ఫోన్‌లో కొట్టించే పిన్‌లు పెట్టకండి. ఈ లాకర్లు బ్యాటరీతో నడుస్తాయి కాబట్టి కరెంటు పోయినా పనిచేస్తాయి. బ్యాటరీ అయిపోయిందాకా చూడకుండా ఏటా ఒకసారి మార్చండి. దాంతోపాటు ఎమర్జెన్సీ తాళంచెవి ఇస్తారు. చాలా ఇళ్లల్లో అది ఎక్కడుంటుందో తెలుసా? లాకర్ పక్కనే ఉన్న సొరుగులో, ఇంకా లేబుల్ కూడా విప్పకుండా. అది ఇంట్లోనే ఉంటే మీరు పెట్టిన నంబరుకు విలువ లేదు. మీ ఆఫీసు లాకర్లోనో, బ్యాంకు లాకర్లోనో ఉంచండి.

లాకర్‌ని పడకగదిలోనే పెట్టుకోండి, కానీ పడుకుని చెయ్యి చాస్తే అందేంత దగ్గర వద్దు. లేచి రెండడుగులు వేసి, నిలబడి నంబరు కొట్టాలి. ఆ రెండడుగుల్లో నిద్రమత్తు వదలాలి. తలగడ కింద, పరుపు కింద, మంచం పక్క సొరుగులో పెట్టుకోవడం అంత ప్రమాదం ఇంకొకటి లేదు.

నింపి పెట్టాలా, ఖాళీగానా? పిల్లలున్నన్నాళ్లూ ఖాళీగానే, రౌండ్లు వేరే తాళంలో. 2005లో అమెరికాలోనే వచ్చిన ఇంకో అధ్యయనంలో తేలిందేమిటంటే, తుపాకీకి తాళం వేయడం, ఖాళీ చేసి ఉంచడం, రౌండ్లకు తాళం వేయడం, రెంటినీ విడిగా పెట్టడం, ఈ నాలుగింటిలో ప్రతి ఒక్కటీ ఇంట్లో పిల్లల చావుల్నీ గాయాల్నీ తగ్గించేదే. మా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లోనూ, అంటే పోలీసు ఆయుధాగారంలోనూ, ఆయుధం ఒకచోట, రౌండ్లు ఒకచోట. కావాల్సినప్పుడు నింపుకోవడానికి పట్టే ఆ కొద్ది క్షణాల కోసం పసివాళ్లను పణంగా పెట్టలేం.

ఖాళీ చెయ్యడం కూడా పద్ధతిగా చెయ్యాలి. గది తలుపు వేసుకోండి. గొట్టం నేలవైపు, ఎవరూ లేని దిక్కుకు ఉండాలి, వేలు ట్రిగ్గర్ గార్డు బయట ఉండాలి. బొటనవేలితో లాచ్ నొక్కి వంచితే మీ రివాల్వర్ నడుముకు విరిగినట్టు తెరుచుకుంటుంది, మధ్యలో ఉన్న ఎక్స్‌ట్రాక్టర్ పైకి లేచి రౌండ్లను బయటికి తోస్తుంది. ఒక్కోసారి ఒకటి జారి మళ్లీ లోపలికే పోయి ఎక్స్‌ట్రాక్టర్ కింద ఇరుక్కుంటుంది. అందుకే బల్ల మీద పడ్డవాటిని లెక్కపెట్టాలి. ఆరు నింపి ఉంటే ఆరూ కనబడాలి. తర్వాత సిలిండర్‌ని వెలుతురుకు పెట్టి ఒక్కో రంధ్రంలోంచి అవతల వెలుతురు చూడండి. చిటికెన వేలు పెట్టి తడమండి కూడా. అప్పుడే అది ఖాళీ అని నమ్మండి. "నిన్న తీసేశానుగా" అని మనసు చెప్పినా వినకండి, ముట్టుకున్న ప్రతిసారీ ఇదే చెయ్యండి.

అర్ధరాత్రి చప్పుడైతే ముందు లైటు, కేక, 112కి ఫోన్. చీకట్లో వంటింట్లో కదిలేది మంచినీళ్ల కోసం లేచిన మీ అబ్బాయే కావచ్చు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది, కాదనను. కానీ కాపాడుకోవడానికి అవసరమైనదాన్ని మించి హాని చేసే హక్కు అందులో లేదు. ఇంకో మాట. దొంగలు ఎక్కువగా వెతికేది తాళం వేసిన ఇళ్లనే. మీరంతా తిరుపతి వెళ్లిన రాత్రి ఆ రివాల్వర్ మిమ్మల్ని కాపాడదు, దొంగ చేతికి ఆయుధమవుతుంది. ఊరెళ్లేటప్పుడు డిపాజిట్ చేసి వెళ్లండి. తాళం వేసిన ఇళ్ల మీద నిఘాకు పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ గురించి స్టేషన్లో అడగండి. ఆయుధం పోతే మాత్రం ఆ క్షణమే ఫిర్యాదు చెయ్యాలి, అది లైసెన్సు షరతు.

మీ ఆవిడ భయం న్యాయమైనదే. లాకర్ బిగించాక ఆమెను పిలిచి చూపించండి, నంబరు మాత్రం చెప్పకండి. అప్పటికీ ఆమె మనసు కుదుటపడకపోతే, పిల్లలు వెళ్లేదాకా డీలర్ దగ్గరే ఉంచెయ్యండి. రొయ్యల డబ్బు చాలావరకు బ్యాంకులో పడేలా చూసుకుంటే రాత్రి ప్రయాణాల టెన్షన్ కూడా తగ్గుతుంది.

ప్రశ్న: లాసన్స్ బే కాలనీలో ఉంటాం, సముద్రం కనబడుతుంది. మీలాంటివాళ్లు చెప్పారనే .32 పిస్టల్‌ని తోలు కేసుతో సహా లాకర్లో పెట్టి తాళం వేశాను. వర్షాకాలం దాటి తీసి చూస్తే స్లైడ్ మీద గోధుమరంగు మచ్చలు, రౌండ్ల మీద పచ్చగా చిలుము. బయట పెట్టినప్పుడే బాగుండేది. లాకర్ మానెయ్యనా?

జవాబు: లాకర్ మానకండి, తోలు కేసు మానండి. తోలు గాల్లోని తేమను పీల్చుకుని ఇనుముకు అంటించి ఉంచుతుంది, తోలు పదును చెయ్యడానికి వాడిన లవణాలు దానికి తోడవుతాయి. ఇత్తడి మీద చిలుముకూ అదే కారణం. మీ కిటికీ గ్రిల్స్‌ను తినేసే ఉప్పుగాలి లాకర్ తలుపు తీసినప్పుడల్లా లోపలికి పోతూనే ఉంటుంది. హుద్‌హుద్ తర్వాత, 2014 అక్టోబరులో, కిటికీలు పగిలి ఇళ్లు తడిసినప్పుడు చాలా ఆయుధాలు నా దగ్గరకు వచ్చాయి. తోలు కేసులో ఉన్నవే ఎక్కువ పాడయ్యాయి.

ముందు రౌండ్లుండే అర, అంటే మ్యాగజైన్, తియ్యండి, ఆ తర్వాతే పైన ముందుకూ వెనక్కీ జరిగే స్లైడ్ లాగండి. ఈ వరస తప్పకూడదు. ముందు స్లైడ్ లాగితే మ్యాగజైన్‌లోంచి ఇంకో రౌండ్ గొట్టం మొదట్లో ఉండే ఛాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది, మనం ఖాళీ అయిందనుకుంటాం. స్లైడ్ వెనక్కి పట్టుకుని ఛాంబర్‌లోకి కళ్లతో చూసి, వేలితో తడిమి, అప్పుడు తుడవడం మొదలుపెట్టండి. గొట్టంలో చిందీ గుడ్డ తిప్పాక, బయట పల్చగా నూనె రాయాలి, వేలికి జిడ్డు తగిలీ తగలనట్టుగా. నూనె ఎక్కువైతే మంచిదనుకోకండి, అది కారి రౌండ్ల అడుగున మంట పుట్టించే ప్రైమర్లలోకి దిగితే అవి పేలవు. చిలుము పట్టిన రౌండ్లను మీరు గీకి శుభ్రం చెయ్యవద్దు, లెక్కతో డీలర్‌కు అప్పగించండి. లాకర్లో సిలికా జెల్ సంచి పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే తేమతో నిండిపోయినట్టే. వాటిని వేడిచేసి ఆరబెడితే మళ్లీ నీలమవుతాయి. లాకర్ అడుగున స్పాంజి పరిచి ఉంటే అదీ తీసెయ్యండి. నెలకోసారి తీసి చూసుకుంటే చాలు.

ప్రశ్న: గాజువాక నుంచి రాస్తున్నాను. మావారు మాజీ సైనికుడు, పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన పిస్టల్ ట్రంకుపెట్టెలో అలాగే ఉంది. స్టేషన్‌కు వెళ్తే కేసు పెడతారేమోనని భయం. ఇంట్లో ఉంచుకోవచ్చా?

జవాబు: ఉంచుకోకూడదమ్మా. ఆ లైసెన్సు ఆయనతోనే పోయింది. ఆయుధ చట్టం 21వ సెక్షన్ ఇలాంటి ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా స్టేషన్లో గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చెయ్యమంటుంది. ఆలస్యమైందని ఇంకా ఆలస్యం చెయ్యకండి. మీరు గానీ పక్కింటివాళ్లు గానీ దాన్ని తెరిచి "లోడయి ఉందా" అని చూడొద్దు, సంచిలో వేసుకుని ఆటో ఎక్కొద్దు. ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి, ఎలా తేవాలో, మనిషిని పంపుతారో అడగండి. మరణ ధ్రువపత్రం, ఆయన లైసెన్సు దగ్గర పెట్టుకోండి. ఒంటరిగా వెళ్లడానికి బెరుకైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెప్పండి, మీవంటివారికి దారి చూపడానికే ఆ ఆఫీసు ఉంది. మీ పిల్లలెవరైనా వారసులుగా తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా అమ్మేయవచ్చు. రసీదు మాత్రం మరవకండి.

ప్రశ్న: మధురవాడలో అపార్ట్‌మెంట్. తొమ్మిదేళ్ల మా బాబు రోజూ సాయంత్రం అయిదో అంతస్తులో స్నేహితుడి ఇంట్లో ఆడుకుంటాడు. వాళ్ల నాన్నగారికి లైసెన్సు పిస్టల్ ఉందని ఈమధ్యే తెలిసింది. ఎక్కడ పెడతారో అడుగుతానంటే, అవమానంగా ఉంటుంది, ఊరుకోమంటున్నారు మావారు. ఏం చెయ్యను?

జవాబు: అడగండి తల్లీ. మీ ఇంట్లో కుక్క ఉందా, కట్టేస్తారా అని అడిగినంత మామూలుగా అడగండి. పద్ధతిగా ఉంచుకునే మనిషి ఈ ప్రశ్నకు నొచ్చుకోడు. నాకు తెలిసినంతలో సంతోషిస్తాడు కూడా. పిల్లల ముందు, లిఫ్ట్‌లో నలుగురి ముందు వద్దు. ఆవిడతో ఒంటరిగా ఉన్నప్పుడు, "వదినా, మావాడు దేన్నీ ముట్టుకోకుండా ఉండడు, అన్నయ్యగారి పిస్టల్ తాళంలోనే ఉంటుంది కదా?" అంటే సరిపోతుంది. తప్పు మీవాడి మీదే వేసుకున్నారు కాబట్టి ఆవిడకు బాధుండదు. ఎక్కడ పెడతారని అడగొద్దు, అది మనకు తెలియకపోవడమే మంచిది. తాళం వేస్తారా, తాళం ఎవరి దగ్గరుంటుంది, ఈ రెండే.

బాబుకు కూడా చెప్పండి. ఎక్కడైనా తుపాకీ కనబడితే, బొమ్మదనిపించినా సరే, ముట్టుకోకుండా ఆ గదిలోంచి వచ్చేసి పెద్దవాళ్లకు చెప్పాలి. స్నేహితుడు చూపిస్తానన్నా సరే. అయితే చెప్పాం కదా అని ఆ మాట మీదే భారం వెయ్యకండి, తొమ్మిదేళ్లవాడికి స్నేహితుడి ముందు మన మాట గుర్తుండకపోవచ్చు. ఆవిడ జవాబు "బీరువాలో ఎక్కడో ఉంటుందిలే" అన్నట్టుగా వస్తే గొడవ పడొద్దు, ఈ పేజీ ఆవిడకు చదవమని ఇవ్వండి. వాళ్లు లాకర్ బిగించేదాకా పిల్లల ఆటలు మీ ఇంట్లో పెట్టించండి.